1 మి.మీ. ఎస్.ఎస్. షీటును నీటి ఒత్తిడితో డిష్‌లా ఉబ్బించవచ్చా? కారు వాష్ పంపు చాలుతుందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. అనంతపురంలో ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. గానుగ నూనె ట్యాంకులకు అడుగు డిష్‌లు 60 కావాలి: ఎస్.ఎస్. (స్టెయిన్‌లెస్ స్టీల్) 304 గ్రేడు, 1 మి.మీ. మందం, 400 మి.మీ. వ్యాసం, మధ్యలో 40 మి.మీ. లోతు. మడ్డి మధ్యకు జారి డ్రెయిన్ నుంచి దిగిపోవాలి. ఈ ఒక్క ఆర్డరుకు ప్రెస్ డై చేయిస్తే గిట్టదు. షెడ్డులో ఉన్న కారు వాష్ పంపుతో నీళ్లు ఎక్కించి చేయవచ్చా అనేది మొదటి ప్రశ్న. రెండు షీట్లను అంచు చుట్టూ వెల్డ్ చేసి బెలూన్‌లా ఉబ్బించే వీడియోలు చూశారు, ఆ దారి కుదురుతుందా అనేది రెండోది.

చేయవచ్చు. కావలసిన ఒత్తిడి దాదాపు 15 బార్ మాత్రమే. మన దగ్గర "15 కేజీల ప్రెషర్" అంటారే, దాదాపు అదే. పైపులైన్ టెస్టుకు ప్లంబర్లు వాడే 50 బార్ చేతి పంపు చాలు. కారు వాష్ పంపు వద్దు. ఇక రెండు షీట్ల వెల్డింగ్ పద్ధతి ఈ డిష్‌కు పనికిరాదు. కారణాలు కింద చెబుతాను.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే ఈ పనిలో చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఉబ్బిన షీటు పెద్ద గోళంలో ఒక ముక్క లాంటిది. 400 వ్యాసం, 40 లోతు ఉంటే ఆ గోళం వ్యాసార్ధం 520 మి.మీ. వస్తుంది. (200 వర్గం, 40 వర్గం కలిపి, లోతుకు రెట్టింపు అయిన 80తో భాగించాలి.) కావలసిన ఒత్తిడి = 2 × షీటు సాగే బలం × మందం ÷ వ్యాసార్ధం. ఈ మాత్రం సాగేటప్పటికి 304 షీటు గట్టిపడి చదరపు మి.మీ.కి 400 న్యూటన్ల దగ్గర ఉంటుంది. లెక్కేస్తే 14 నుంచి 15 బార్ వస్తుంది. అదే డిష్‌ను 1 మి.మీ. సి.ఆర్.సి.ఎ. (మామూలు కోల్డ్ రోల్డ్ స్టీల్) షీటుతో చేస్తే 10, 11 బార్‌కే వచ్చేస్తుంది.

ఇప్పుడు దీని రెండో ముఖం. అదే డిష్‌కు అంచు దగ్గర 10 మి.మీ. వ్యాసార్ధంతో నిటారుగా తిరిగే మూల కావాలని కస్టమర్ అడిగాడనుకోండి. మూలలో షీటు డైకి అతుక్కోవాలంటే సాగే బలం × మందం ÷ మూల వ్యాసార్ధం అంత ఒత్తిడి కావాలి. గట్టిపడిన 304కి 600 న్యూటన్లు వేసుకుంటే 600 బార్ అవుతుంది. ఆ ఒత్తిడిలో మీ డై విడిపోకుండా పట్టడానికి 900 టన్నులకు పైగా కావాలి. కార్ల కంపెనీల్లో ఇలా ద్రవ ఒత్తిడితో షీటును మలిచే హైడ్రోఫార్మింగ్ ప్రెస్సులు అంత భారీగా ఉండేది ఇందుకే. కాబట్టి డ్రాయింగ్ చూడగానే లోతు కంటే ముందు అన్నిటికంటే చిన్న మూల ఎంత అని చూడండి. పెద్ద వంపులు నీళ్లతో తేలిక, పదునైన మూలలు నీళ్లకు లొంగవు.

కారు వాష్ పంపు ఎందుకు వద్దు. ఈ డిష్ లోపల పట్టే నీళ్లు రెండున్నర లీటర్లు. వాష్ పంపు నిమిషానికి 8 లీటర్లు తోస్తుందనుకుంటే మొత్తం పని 20 సెకన్లలో అయిపోతుంది. చివరి 10 మి.మీ. లోతు రావడానికి 5 సెకన్లు కూడా పట్టదు. ఆపాలనుకునే లోపే డిష్ దాటిపోతుంది. పైగా ఆ పంపు శక్తి 100 బార్ పైమాటే. షీటు చీలకపోతే మీ ప్లేట్లు, బోల్టులు ఆ భారం మోయాలి. చేతి పంపుతో ఒక్కో స్ట్రోక్‌కు 25 మి.లీ. చొప్పున దాదాపు వంద స్ట్రోకులు పడతాయి. చెయ్యి నొప్పి పుడుతుంది, నిజమే. కానీ లోతు మీ చేతిలో ఉంటుంది.

ఎయిర్ కంప్రెసర్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వాడకండి. 15 బార్ దగ్గర నీళ్లు దాదాపు కుదించుకుపోవు. షీటు చీలితే నీళ్లు చిమ్మి ఒత్తిడి వెంటనే పడిపోతుంది. అదే గాలి అయితే అంతే చోటులో వేల రెట్ల శక్తిని దాచుకుని ఉంటుంది, చీలిన షీటు బాంబులా పేలుతుంది. షీటు కింద మిగిలిపోయిన గాలి బుడగ కూడా చిన్న ఎత్తున అదే పని చేస్తుంది. అందుకే గాలి పూర్తిగా తీయడం గురించి కింద మళ్లీ చెబుతాను.

రిగ్ సంగతి. కింద ఒక గుండ్రటి ప్లేటు, పైన ఒక రింగు, మధ్యలో షీటు, చుట్టూ బోల్టులు. పైన డై అక్కర్లేదు, షీటు రింగు రంధ్రంలోంచి గాలిలోకి ఉబ్బుతుంది.

కింది ప్లేటు: 580 వ్యాసం, 40 మి.మీ. మందం మైల్డ్ స్టీల్. 36 కూడా 25 బార్ వరకు తట్టుకుంటుంది. షెడ్డులో మిగిలిన 20 మి.మీ. ప్లేటుతో సరిపెట్టాలని చూడకండి. అది 15 బార్‌కే విల్లులా వంగి ఓ-రింగ్ (నీళ్లు కారకుండా పట్టే రబ్బరు రింగు) దగ్గర సందు ఇస్తుంది. 40 మి.మీ. ప్లేటు 80 కేజీల పైన ఉంటుంది, చైన్ పుల్లీ సిద్ధం చేసుకోండి.

పై రింగు: 580 బయట, 400 లోపల, 36 మి.మీ. మందం. లోపలి అంచును లేత్ మీద 8 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రం చేయించి, 400 నంబర్ ఎమరీతో అద్దంలా రుద్దాలి. చీలికల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలవుతాయి. ఈ అంచు మీద గోటితో గీస్తే ఎక్కడా తట్టకూడదు, తట్టిందంటే ఆ చోటే షీటు చీలుతుందని లెక్క. ప్లేటును గ్యాస్ కటింగ్ మన ఊళ్లోనే చేయించినా, 580 పట్టే లేత్ దొరకకపోతే బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడ వైపు పంపాల్సి వస్తుంది. రెండింటినీ ఒకేసారి పంపితే బోల్టు రంధ్రాలు కలిపి డ్రిల్ చేసిస్తారు.

ఓ-రింగ్: 6 మి.మీ. నైట్రైల్ తాడు, సగటు వ్యాసం 440. గాడి కింది ప్లేటులో 4.7 లోతు, 8 వెడల్పు. తాడును 45 డిగ్రీల ఏటవాలుగా కోసి ఇన్‌స్టంట్ గ్లూతో అతికించండి. అడ్డంగా నిటారుగా కోసిన అతుకు నాలుగైదు డిష్‌లకే ఊడుతుంది.

బోల్టులు: 520 వ్యాసం మీద ఎం16, 8.8 గ్రేడు, 16 బోల్టులు, కింద గట్టి వాషర్లు. 15 బార్‌కు ఓ-రింగ్ లోపల ప్లేట్లను విడదీసే బలం 23 టన్నులు, 25 బార్‌కు 39 టన్నులు. బోల్టుకు 200 న్యూటన్-మీటర్ల టార్క్ వేస్తే ఒక్కొక్కటి 7 టన్నుల బిగువిస్తుంది, మొత్తం 112 టన్నులు. ఇంత ఎక్కువ ఎందుకంటే, నీళ్లు కారకుండా ఉంటే చాలదు, షీటు అంచు లోపలికి జారకుండా కూడా పట్టాలి. గుర్తులేని మామూలు బోల్టులు వాడకండి, తల మీద 8.8 అని అచ్చు ఉండాలి.

పైపింగ్: మధ్యలో అర అంగుళం ఇన్‌లెట్, ఓ-రింగ్‌కు కాస్త లోపల 390 వ్యాసం మీద ఒక గాలి రంధ్రం, దాన్ని ప్లేటు పక్కకు తీసి చిన్న నీడిల్ వాల్వ్. పంపు వైపు నాన్-రిటర్న్ వాల్వ్, ఒత్తిడి వదలడానికి ఇంకో వాల్వ్. గేజ్ 0 నుంచి 40 బార్, 100 మి.మీ. డయల్, గ్లిసరిన్ నింపినది. 0–250 గేజ్ పెడితే 15 బార్ దగ్గర ముల్లు కదిలిందో లేదో కూడా తెలియదు.

షీటు విషయం. 480 మి.మీ. గుండ్రాలు కోస్తే 8 అడుగుల × 4 అడుగుల షీటుకు 10 వస్తాయి. 60కి 6 షీట్లు, ట్రయల్ ముక్కలకు ఇంకొకటి. 480 అయితే గుండ్రం బోల్టుల లోపలే ఉంటుంది, షీటుకు రంధ్రాలు అక్కర్లేదు. 304 బదులు 202 తీసుకోకండి, రేటు తేడా ఎంత ఊరించినా సరే. 202 సాగేకొద్దీ 304 కంటే వేగంగా గట్టిపడుతుంది. అంతకంటే పెద్ద ఇబ్బంది, బాగా సాగదీసిన 200 సిరీస్ ముక్కలు ఆ రోజు బాగానే ఉండి కొన్ని రోజుల తర్వాత వాటంతట అవే చీలే గుణం ఉంది. నూనె నింపిన ట్యాంకు అడుగు అలా చీలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఒక్క డిష్ చేసే క్రమం ఇలా ఉంటుంది.

షీటు అంచుల బర్ర్ (కోతలో మిగిలిన పదును ముళ్లు) ఫైల్‌తో తీసేయండి, లేదంటే మొదటి ముక్కే ఓ-రింగ్‌ను కోస్తుంది. పి.వి.సి. ఫిల్మ్ రింగు వైపు ఉంచండి, నీళ్ల వైపు పీకేయండి. కింది ప్లేటు పైముఖాన్ని 380 వ్యాసం మేర 2 మి.మీ. పల్లంగా చేయించుకుంటే గాలి తీయడం సగం తేలికవుతుంది. పల్లం అంచు నిండా నీళ్లు పోసి, షీటును ఒక పక్క నుంచి వాల్చుతూ, కిటికీ అద్దం దించినట్టు దించండి. గాలి రంధ్రం ఉన్న వైపు పైకి ఉండేలా ఎదురు వైపు కింద 20 మి.మీ. తగ్గించి పెట్టండి. బోల్టులను చేత్తో బిగించి, ఎదురెదురుగా మూడు దఫాల్లో 70, 140, 200 టార్క్‌కు తీసుకెళ్లండి. ఇంపాక్ట్ గన్‌తో మొదటి దఫా చేసుకోవచ్చు, చివరిది మాత్రం టార్క్ రెంచ్‌తోనే. గాలి వాల్వ్ తెరిచి నెమ్మదిగా పంపు కొడితే మొదట బుడబుడమంటూ వస్తుంది. బుడగ లేని సన్నటి ధార వచ్చాక ఇంకో పది స్ట్రోకులు కొట్టి, అప్పుడు మూయండి.

3 బార్ దగ్గర ఆగి చుట్టూ చూడండి. తడి కనిపిస్తే ఒత్తిడి పూర్తిగా వదిలాకే బిగించాలి, ఒత్తిడి మీద బోల్టు ముట్టకూడదు. అంతా పొడిగా ఉంటే ముందుకు సాగండి. 20 మి.మీ. లోతు 5 బార్ అటూ ఇటూగా వస్తుంది, 30 మి.మీ. 9 దగ్గర, 40 మి.మీ. 14, 15 దగ్గర. షీటు మందం, గుణం బట్టి ఒకటి రెండు బార్ తేడా ఉంటుంది.

అందుకే గేజ్‌ను నమ్మి ఆపకండి, నీళ్లను కొలిచి ఆపండి. పంపు తొట్టె మీద అర లీటరుకొక గీత పెట్టుకోండి. గాలి తీసి వాల్వ్ మూసిన క్షణం నుంచి 1.26 లీటర్లు దిగితే 20 మి.మీ., 1.9 లీటర్లకు 30, 2.55 లీటర్లకు 40. షీటు షీటుకూ ఒత్తిడి మారుతుంది కానీ నీళ్ల కొలత మారదు, ఎక్కడా కారకపోతే. గేజ్ ముల్లుకు, నీటి మట్టానికి పొంతన కుదరడం లేదంటే రెండే కారణాలు: లోపల గాలి ఉంది, లేదా ఎక్కడో కారుతోంది. దీనికి తోడు రింగు మీద అడ్డంగా ఒక నిటారు పట్టీ పెట్టి లోతు చూసుకోండి. ఒత్తిడి వదిలాక డిష్ ఒక మి.మీ. వరకు వెనక్కి వస్తుంది కాబట్టి 41కి లాగి ఆపండి. మొదటి రెండు ముక్కలతో మీ షీటు స్వభావం తెలుస్తుంది.

విప్పేటప్పుడు ముందు వదిలే వాల్వ్, తర్వాత గాలి వాల్వ్ రెండూ తెరవాలి. గేజ్ సున్నా చూపిస్తే చాలదు, దారిలో మురికి అడ్డుపడి ఉంటే గేజ్ అబద్ధం చెప్పవచ్చు. గాలి వాల్వ్ నుంచి నీళ్లు ఒత్తిడి లేకుండా కారడం కళ్లారా చూశాకే మొదటి బోల్టు విప్పండి.

ఈ లోతుకు షీటు ఎంత పలచబడుతుందనేది మీరు అడగలేదు కానీ ట్యాంకు అడుగు కాబట్టి తెలిసి ఉండాలి. మధ్య బిందువు దగ్గర 1 మి.మీ. కాస్తా 0.92 చిల్లర అవుతుంది, భయం లేదు. అదే రిగ్‌లో 80 మి.మీ. లోతు లాగితే మధ్యలో 0.74కు, 100 లాగితే 0.64కు దిగుతుంది. వ్యాసంలో ఐదో వంతు దాటితే ఈ పద్ధతి ఆపేయడం మంచిది. తక్కువ లోతుకూ ఒక హద్దు ఉంది. 15 మి.మీ. లోతు డిష్ చేస్తే షీటు సరిగ్గా సాగదు, వేలితో నొక్కితే డబ్బా మూతలా టక్కుమని లోపలికి బయటికి కొట్టుకుంటుంది. 400 వ్యాసానికి 25 కంటే తక్కువ వద్దు.

ఇక తప్పులు ఎలా కనిపిస్తాయి అంటే:

డిష్ శిఖరం మధ్యలో కాకుండా పక్కకు పోయిందంటే అంచు ఒక పక్క ఎక్కువ జారింది. బోల్టుల బిగువు సమానంగా లేదు, లేదా ఆ పక్క షీటుకు నూనె అంటింది. పట్టే ముఖాలను థిన్నర్‌తో తుడవండి. షీటు అంచున మార్కర్‌తో ఎనిమిది గీతలు గీసి ఉంచితే ఎటు ఎంత జారిందో విప్పగానే కనిపిస్తుంది. ఒకటి రెండు మి.మీ. చుట్టూ సమానంగా జారితే పర్వాలేదు.

రింగు అంచు వెంబడి వంపుగా చీలితే అంచు నునుపు చాలలేదు. మధ్యలో ఒకే గీతగా చీలితే షీటు మీద గ్రైండర్ గీత గానీ, అసలు షీటే 304 కాకపోవడం గానీ కారణం. ఇవన్నీ సరి చేసుకోవచ్చు. ఓ-రింగ్ దగ్గర పదే పదే కారితే తాడు మార్చడం కాదు, ప్లేటు వంగిందేమో చూడండి.

కారడం వెతకడానికి చెయ్యి పెట్టకండి, అట్టముక్క పెట్టండి. 15 బార్‌లో ప్రమాదం తక్కువే గానీ, రేపు ఇంకో పనికి 100 బార్ ఎక్కించినప్పుడు అలవాటు అదే ఉంటుంది. ఆ ఒత్తిడిలో సూదిమొనంత ధార చర్మంలోకి దూరుతుంది. పైకి చిన్న చుక్కే కనిపించినా లోపల కండ చెడుతుంది, వెంటనే ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి వెళ్లాల్సిన గాయం అది.

రెండో ప్రశ్నకు వస్తాను. రెండు గుండ్రాలు ఎదురెదురుగా పెట్టి అంచు వెల్డ్ చేసి ఉబ్బిస్తే రిగ్ లేకుండానే రెండు డిష్‌లు వస్తాయనిపిస్తుంది. కానీ అక్కడ అంచును పట్టేవాళ్లు లేరు. 40 మి.మీ. ఉబ్బినప్పుడు అంచు నుంచి అంచుకు వంపు మీద పొడవు 410 మి.మీ. పైన ఉండాలి. షీటు సాగే బదులు అంచే లోపలికి వస్తుంది, వ్యాసం 10 మి.మీ. పైగా తగ్గుతుంది. అంటే చుట్టుకొలతలో 33 మి.మీ. ఎక్కువైపోయి, అదంతా అంచు చుట్టూ మడతలుగా పడుతుంది. మడతల అంచును ట్యాంకు షెల్‌కు (గుండ్రటి గోడకు) టిగ్ వెల్డ్ చేయలేరు. ఆ పద్ధతి ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ-స్ట్రోక్ బండ్ల సైలెన్సర్ ఛాంబర్లకు, అలంకరణ ముక్కలకు బాగుంటుంది. అక్కడ 100 మి.మీ. గొట్టం కావాలంటే చదును షీటు వెడల్పు 157 మి.మీ. ఉండాలి, వెల్డ్ అంచు అదనం. 0.8 మి.మీ. షీటుకు 40, 50 బార్ పడుతుంది కాబట్టి అందరూ వాష్ పంపు వాడతారు.

నిజాయితీగా ఇంకో మాట. డిష్ గుండ్రంగా ఉంది, 60 మాత్రమే కావాలి, మళ్లీ ఈ ఆర్డరు రాదు అనుకుంటే ముందు బెంగళూరులో మెటల్ స్పిన్నింగ్ (తిరిగే అచ్చు మీద షీటును నొక్కి మలచడం) చేసేవాళ్ల దగ్గర కొటేషన్ అడగండి. గుండ్రటి ముక్కకు స్పిన్నింగ్ వేగం వేరు. ఈ రిగ్‌లో ఒక్కో డిష్‌కు బిగింపు, విప్పడం కలిపి 20 నుంచి 25 నిమిషాలు, రోజుకు 15 నుంచి 18 కంటే ఎక్కువ రావు. వేర్వేరు లోతుల ట్యాంకులు వస్తూ ఉంటాయి, లేదా కోడిగుడ్డు ఆకారం, మూలలు గుండ్రంగా ఉన్న చతురస్రం లాంటివి అడుగుతారు అంటే రిగ్ చేయించుకోండి. లోతు మార్చడానికి పంపు స్ట్రోకులు మార్చితే చాలు, ఆకారం మార్చడానికి పై రింగు మార్చితే చాలు.

నీళ్ల విషయంలో రెండు జాగ్రత్తలు. సి.ఆర్.సి.ఎ. అయితే నీళ్లలో వందకు నాలుగైదు పాళ్లు కటింగ్ ఆయిల్ కలపాలి, లేకపోతే తెల్లారేసరికి తుప్పు. మీది నూనె ట్యాంకు, ఎస్.ఎస్. కాబట్టి కటింగ్ ఆయిల్ అసలు వద్దు. మన బోరు నీళ్లలో ఉప్పు శాతం ఎక్కువ, ఆరిన చోట తెల్ల మచ్చలు పడి, సందుల్లో నిలిస్తే ఎస్.ఎస్.నూ తింటుంది. 20 లీటర్ల ఆర్‌ఓ క్యాను ఒకటి కొనుక్కోండి, రోజంతా అవే నీళ్లు తిరుగుతాయి. డిష్ కాగానే పొడి గుడ్డతో తుడవండి.

అంచు కత్తిరించేటప్పుడు వంపు మొదలయ్యే చోటే తెగ్గొట్టి షెల్‌కు బట్ వెల్డ్ (అంచుకు అంచు ఆనించి వెల్డ్) చేయండి. చదును అంచు పది మి.మీ. ఉంచి దాని మీద షెల్ నిలబెడితే లోపల సన్నటి సందు మిగులుతుంది, ఎంత కడిగినా పాత నూనె అందులో నిలిచి కొత్త నూనెకు వాసన పట్టిస్తుంది.

చివరగా, డిష్ ఇచ్చేటప్పుడు షీటు మిల్లు సర్టిఫికెట్ కాపీ దగ్గర పెట్టుకోండి. 304ను ఇలా చల్లగా సాగదీస్తే లోపలి స్ఫటిక నిర్మాణం కొంత మారి, ఉబ్బిన చోట అయస్కాంతం కాస్త పట్టవచ్చు. చదును ముక్కకు పట్టని అయస్కాంతం డిష్‌కు పట్టిందని కస్టమర్ "ఇది 304 కాదు" అంటాడు. అదే షీటు నుంచి మిగిలిన చదును ముక్క ఒకటి పక్కన పెట్టి చూపించండి.